దేవుని సమయం అంటే నోటిఫికేషన్ కోసం కూర్చోవడమేనా?

ప్రశ్న: రేపల్లె చెల్లి

అందరికీ వందనాలు. మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. ఎస్‌జీటీ (ప్రాథమిక పాఠశాల ప్రభుత్వ టీచరు) ఉద్యోగం కోసం చదువుతున్నాను. నా డీఎడ్ పూర్తయ్యేసరికే 2018 డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష) అయిపోయింది. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారని పెనుమూడి వంతెన దాటి అవనిగడ్డ వెళ్లి కోచింగ్ హాస్టల్లో చేరాను. ఎన్నికలొచ్చాయి, అది రద్దయింది. మళ్ళీ 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చింది.

దానికి ముందు డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో పళ్లెంలోంచి వాగ్దాన కార్డు (కొత్త సంవత్సరానికి ఒక్కొక్కరూ తీసుకునే బైబిలు వచనం కార్డు) తీస్తే నాకు యిర్మీయా 29:11 వచ్చింది. సమాధానకరమైన ఉద్దేశాలు, నిరీక్షణ, అదే వచనం. "ఇంకేం, ఈసారి ఉద్యోగం నీదే" అని సంఘమంతా అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. సెప్టెంబరులో లిస్టు వచ్చింది. దగ్గరదాకా వెళ్లి ఆగిపోయాను. మాది బీసీ-సి, అంటే ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్ల కోటా, అది ఒక్క శాతం. చర్చికి వెళ్తూ కాగితాల్లో మాత్రం వేరేగా చూపించుకోవద్దని మా నాన్న పట్టుబట్టి తీసుకున్న సర్టిఫికెట్ అది. ఆ విషయంలో నాన్న మీద నాకు కోపం లేదు, కానీ గుర్తొచ్చినప్పుడు గుండె మండుతుంది.

ఇప్పుడు అందరూ "దేవుని సమయం వేరమ్మా" అంటున్నారు. ఆ మాట పడలేక ఆరాధన అవగానే వెనక గేటు నుంచి వచ్చేస్తున్నాను.

ఇక అసలు సంగతి. ఊళ్లో ప్రైవేటు స్కూలువాళ్లు మూడో తరగతి పూర్తిగా నాకే అప్పజెప్తామంటున్నారు. చీరాల నుంచి ఒక సంబంధం కూడా వచ్చింది. రెండింటికీ "డీఎస్సీ అయ్యాక" అని చెప్తూ వస్తున్నాను. ఇప్పుడు ఒప్పుకుంటే వాగ్దానం మీద నమ్మకం పోయినట్టా? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: ప్రార్థన వీరుడు

ఆమేన్ సిస్టర్! దేవుడు తప్పక కార్యం చేస్తాడు. తలగా ఉంటారు కానీ తోకగా ఉండరు. శుక్రవారం ఉపవాస కూడికలో మీ పేరు పెడతాం. కార్డు మాత్రం పారేయకండి.

జవాబు: అవనిగడ్డ బ్యాచ్

అక్కా, నేనూ అక్కడే రీడింగ్ రూములో కూర్చున్నవాడినే. ఒక్క మాట సూటిగా చెప్తాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. 2018 డీఎస్సీ తర్వాత 2025 దాకా ఇంకో డీఎస్సీ పూర్తి చేయకపోవడం దేవుని సమయం కాదు, ప్రభుత్వాల సమయం. మన చర్చీల్లో ఎవడి బద్ధకాన్నయినా దేవుడి ఖాతాలో వేసేస్తారు. అలా ఆయన మీదికి నెట్టేశాక మనకు ఆయన మీదే కోపం వస్తుంది. నాకైతే వచ్చింది.

జవాబు: రిటైర్డ్ టీచరమ్మ

తమ్ముడు చెప్పినదాంట్లో నిజముంది. నేను ఇంకో సంగతి చెప్తాను తల్లీ, కాస్త ఓపిగ్గా చదువు.

నీ కార్డు మీద పదకొండో వచనం ఒక్కటే అచ్చేస్తారు. అదే అధ్యాయంలో పదో వచనం చూడు. బబులోనుకు చెరపోయినవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం అది, తిరిగి రావడానికి డెబ్బై ఏళ్లు అంటున్నాడు దేవుడు అందులో. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి యెరూషలేము చూసి ఉండరు. ఇంకొంచెం పైకెళ్లి ఐదు, ఆరు వచనాలు చదువు: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, వాటి పండ్లు తినండి, పెళ్లిళ్లు చేసుకోండి, పిల్లల్ని కనండి. ఎక్కడ? తిరిగి వచ్చాక కాదు, ఆ బబులోనులోనే. అంటే నీకు వచ్చిన వాగ్దానం ఉన్న ఉత్తరంలోనే నీ రెండు ప్రశ్నలకూ జవాబుంది.

ఇరవై ఎనిమిదో అధ్యాయం కూడా చదువు. హనన్యా అనే ప్రవక్త గుడిలో నిలబడి "రెండేళ్లలో అన్నీ తిరిగొస్తాయి" అన్నాడు. జనానికి వినసొంపుగానే ఉండి ఉంటుంది. దేవుడు పంపింది మాత్రం అతన్ని కాదు. కొత్త సంవత్సరం కూడికల్లో మైకు పట్టుకుని "ఈ ఏడాదే నీకు ఉద్యోగం" అనేవాళ్లను చూసినప్పుడల్లా నాకు హనన్యా గుర్తొస్తాడు. (మా పాస్టరుగారికి ఈ మాట నచ్చదు.)

నేను మిషన్ స్కూల్లో చేరినప్పుడు నా పోస్టుకు ఎయిడ్ (ప్రభుత్వం ఇచ్చే జీతం) రాలేదు. మేనేజ్‌మెంట్ ఇచ్చే డబ్బులు బియ్యానికీ పాలకీ సరిపోయేవి కావు. సాయంత్రాలు జాకెట్లు కుట్టాను. ఎయిడ్ కాగితం వచ్చేసరికి మా పెద్దవాడు రెండో తరగతి. కాగితం వచ్చినరోజు సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు, చెప్పాను. కానీ వాడు రెండో తరగతికి వచ్చేదాకా మా ఇంట్లో పొయ్యి వెలిగిందే, దాని గురించి ఎవరూ సాక్ష్యం అడగలేదు. కృప అంటే నాకు ముందు ఆ రోజులే.

స్కూలు ఒప్పుకో. సంబంధం సంగతి అబ్బాయిని చూసి, మాట్లాడి తేల్చుకో, డీఎస్సీని బట్టి కాదు. ఉద్యోగం వచ్చాకే చేసుకుంటానని వాళ్లే అంటే అప్పుడు ఆలోచించాల్సిందే!

రేపల్లె చెల్లి

అమ్మగారూ, రాత్రి రెండు అధ్యాయాలూ చదివాను. నాన్నకూ చదివి వినిపించాను. ఆయన ఏమీ అనలేదు, తోటలు నాటండి అన్న చోట మాత్రం ఇంకోసారి చదవమన్నాడు. స్కూలుకి సోమవారం వెళ్తానని చెప్పేశాను. ఒక్క అనుమానం: అక్కడ చేరితే మళ్ళీ డీఎస్సీకి చదవడం కుదురుతుందా? అది వదిలేయాలని లేదు.

రిటైర్డ్ టీచరమ్మ

వదలమని ఎవరన్నారు? ర్యాంకులో టెట్ (టీచరు అర్హత పరీక్ష) మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంది కదా. నీ పాత టెట్ స్కోరు ఎంత? తక్కువైతే ముందు టెట్ మళ్ళీ రాయి, దగ్గరలో ఆగిపోయినవాళ్లకు అదే పనికొస్తుంది. రోజూ మూడో తరగతి పిల్లలకు లెక్కలు చెప్తూ ఉంటే మెథడాలజీ పుస్తకం సగం అక్కడే అర్థమవుతుంది.

అవనిగడ్డ బ్యాచ్

అక్కా, నా దగ్గర టెట్ పాత పేపర్లు, సైకాలజీ నోట్సు ఉన్నాయి. ఈ ఆదివారం రేపల్లె వస్తున్నాను, బస్టాండులో ఇవ్వగలను. మధ్యాహ్నం పన్నెండు తర్వాతే, ముందు ఆరాధన ఉంది.