కొలిమేషన్‌ను తెలుగులో ఏమందాం?

ప్రశ్న, హనుమకొండ నుంచి:
మా కాలనీ పిల్లలకు డాబా మీద శనిగ్రహం చూపిస్తుంటాను. ఆరంగుళాల న్యూటోనియన్ (అద్దాలతో పనిచేసే) టెలిస్కోప్, ఎఫ్/5 (ఫోకస్ దూరం అద్దం వెడల్పుకు ఐదింతలు). ముందుగా దాని అద్దాలు సరిచేస్తుంటే (దీన్నే కొలిమేషన్ అంటారు) ఒక పాప “కొలిమేషన్ అంటే కొలిమి లాంటిదా సార్” అని అడిగింది. ‘సమాంతరీకరణ’ అంటే పిల్లల నోటికి ఎక్కదు. ‘సరిచేయడం’ అంటే దేన్ని సరిచేస్తున్నామో తెలియదు. మన దగ్గర వాడుకలో మంచి మాట ఉందా?

జవాబు, కాజీపేట నుంచి:
సమాంతరీకరణ వద్దు సార్. పలకడం సంగతి అటుంచండి, అర్థమే పొసగదు. ల్యాబ్‌లో కిరణాలను సమాంతరంగా పంపే కొలిమేటర్‌కైతే ఆ మాట నప్పుతుంది. నక్షత్రం వెలుగు మన దాకా ఎలాగూ సమాంతరంగానే వస్తుంది. మనం చేసేదల్లా ట్యూబ్ అడుగున వెలుగును పోగుచేసే పెద్దద్దం, దాన్ని పక్కకు మళ్ళించే చిన్నద్దం, కన్ను పెట్టి చూసే ఐపీస్, ఈ మూడింటి చూపునూ ఒకే గీత మీదికి తేవడం. ఇంగ్లిష్ మాట పుట్టుక కూడా ఇక్కడే ఉంది. లాటిన్‌లో ‘కొలినియారె’ అంటే సూటిగా గురిపెట్టడం. పాత ప్రతుల్లో దాన్ని ‘కొలిమారె’ అని తప్పుగా చదివారు. ఆ తప్పు రూపమే శాస్త్రంలోకి వచ్చి నిలిచిపోయింది.

అందుకే ‘గురి కుదర్చడం’ అనండి. గోలీలాటలో పిల్లలు రోజూ అనే మాటే. గురి కుదిరింది, గురి తప్పింది, గురి చూడు... మనకు కావలసిన రూపాలన్నీ వాళ్ళ నోట్లో ఇప్పటికే ఉన్నాయి.

కరీంనగర్ నుంచి:
మాట బాగుందన్నా, కానీ ఒక చిక్కు. టెలిస్కోప్‌ను చంద్రుడి వైపు తిప్పడాన్ని కూడా గురిపెట్టడమే అంటాం కదా. ఫైండర్ (ట్యూబ్ మీద ఉండే చిన్న గురి దుర్బిణి) సరిచేసినా గురే. పిల్లలు కలగాపులగం చేసుకోరా?

నిర్మల్ నుంచి:
‘అద్దాల పొందిక’ అంటే ఎలా ఉంటుంది? రెండు అద్దాలు ఒకదానికొకటి అమరాలి అనే భావం వస్తుంది. వినసొంపుగానూ ఉంది.

కాజీపేట నుంచి:
పొందిక అందమైన మాటే మేడం. కాకపోతే అది పని అయ్యాక ఉండే స్థితిని చెబుతుంది. స్క్రూ తిప్పుతున్నవాడికి ఎటు తిప్పాలో చెప్పదు. కరీంనగర్ తమ్ముడు చెప్పిన చిక్కు నిజమే. దానికి క్రియలే దారి చూపిస్తాయి: ఆకాశం వైపు గురి *పెడతాం*, ఫైండర్ గురి *కలుపుతాం*, అద్దాల గురి *కుదురుస్తాం*.

లోపల జరిగే పనికి కూడా మన మాటలే సరిపోతాయి. మొదట చిన్నద్దాన్ని ఫోకసర్ (ఐపీస్ పెట్టే గొట్టం) ఎదుట నడిమికి తెస్తాం. అక్కణ్ణుంచి చూస్తే అది గుండ్రంగా కనబడాలి. కోలగా ఉంటే పక్కకు తిరిగి ఉన్నట్టు. తర్వాత దాని మూడు స్క్రూలతో వాలు మారుస్తాం, అందులో పెద్దద్దం నిండుగా, దాన్ని పట్టుకున్న క్లిప్పులన్నీ కనబడేదాకా. చివరికి పెద్దద్దం వెనక స్క్రూలు. చెషర్ ఐపీస్‌లో (అద్దాల గురి చూసుకునే సాధనం) మెరిసే వలయం నడుమ, పెద్దద్దం మీద అంటించిన రింగు వచ్చి కూర్చోవాలి. ఈ వరస తప్పితే ఒకచోట కుదిర్చింది ఇంకోచోట చెడిపోతుంది. చిన్నద్దం స్క్రూలు తిప్పేటప్పుడు మాత్రం ట్యూబ్‌ను తప్పకుండా పడుకోబెట్టండి. చేతిలోంచి అల్లెన్ కీ జారినా పెద్దద్దం మీద పడదు.

హనుమకొండ నుంచి:
‘గురి కుదర్చడం’ ఖాయం చేసుకుంటున్నా. పనిలో పనిగా ఇంకో సందేహం. ఫోకసర్‌లో గురి చూసే లేజర్ పెడితే దాని చుక్క తిరిగి తన రంధ్రంలోకే వస్తోంది. అయినా నక్షత్రం ఐపీస్ నడుమ ఉన్నప్పుడు కూడా ఒక పక్కకు తోక కనిపిస్తోంది. గురి తప్పినట్టా, కుదిరినట్టా?

కాజీపేట నుంచి:
ముందు లేజర్‌నే అనుమానించండి. ఫోకసర్‌లో ఉంచి దాన్ని మెల్లగా గుండ్రంగా తిప్పండి. పెద్దద్దం మీద చుక్క ఉన్నచోటే ఉంటే మంచిదే. సున్నా చుట్టిందంటే లేజర్ గురే తప్పింది, దాన్ని నమ్మి అద్దాలు తిప్పొద్దు. ఇంకోటి, చిన్నద్దం పక్కకు తిరిగి ఉన్న సంగతి లేజర్ పట్టివ్వదు, చెషర్‌లో చూడాల్సిందే.

మీది ఎఫ్/5 కాబట్టి ఇంత పట్టింపు. కోమా (నడుమ నుంచి పక్కకు జరిగేకొద్దీ నక్షత్రానికి తోక వచ్చే లోపం) అడ్డురాని చోటు ఎఫ్/8లో సుమారు 11 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే, ఎఫ్/5లో 3 మిల్లీమీటర్లు కూడా ఉండదు. అయితే చెషర్‌లో చూసేటప్పుడు చిన్నద్దం నీడ కొంచెం పెద్దద్దం వైపు జరిగి కనబడితే కంగారు పడకండి. ఎఫ్/5లో అది సహజం.

ఆఖరి పరీక్ష నక్షత్రమే. ధ్రువ నక్షత్రం దాదాపు కదలదు కాబట్టి సులువు, కానీ మన వరంగల్‌లో అది 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, గాలి పొర మందం. నడినెత్తి మీది నక్షత్రం మేలు. ఎక్కువ పవర్ పెట్టి, ఫోకస్ కొద్దిగా తప్పించండి. రింగుల నడుమ నల్లటి చుక్క సరిగ్గా మధ్యలో ఉండాలి. స్క్రూ తిప్పిన ప్రతిసారీ నక్షత్రం జరుగుతుంది, మళ్ళీ నడిమికి తెచ్చుకున్నాకే చూడండి. రింగులు ఎసరు మరిగినట్టు కదులుతుంటే అది గురి తప్పడం కాదు. ఎండాకాలం స్లాబు రాత్రిదాకా సెగ కక్కుతూనే ఉంటుంది, ట్యూబ్‌ను గంటకు ముందే బయట పెట్టండి. నక్షత్రం మూడు మూలలుగా కనబడితే పెద్దద్దం క్లిప్పులు మరీ బిగుసుకున్నాయేమో చూడండి.

కరీంనగర్ నుంచి:
నాదీ ఒక అనుభవం: అంతా కుదిరాక లాక్ స్క్రూలు బిగిస్తే గురి మళ్ళీ జరుగుతుంది. చెషర్‌లో చూస్తూనే, మూడింటినీ కొంచెం కొంచెంగా బిగించాలి.