బ్లూ ద షనెల్‌ని అందరూ ఎందుకు అంత తిడతారు?

కూకట్‌పల్లి కుర్రాడు

మా బాబాయి వచ్చే వారం దుబాయ్ నుంచి వస్తున్నాడు, డ్యూటీ ఫ్రీలో నీకేమైనా సెంటు తేవాలా అని అడిగితే ఆలోచించకుండా బ్లూ ద షనెల్ అనేశాను. ఆ తర్వాత రివ్యూలు చదివితే ఒకటే గొడవ. సేఫ్ అంట, బోరింగ్ అంట, షవర్ జెల్ వాసనంట, సెంట్ల గురించి ఏమీ తెలియనివాళ్లే కొంటారంట. మాల్‌లో చేతి మీద కొట్టుకుని చూసినప్పుడు నాకైతే నచ్చింది, ముందు నిమ్మ, దబ్బపండు లాంటి పులుపు, కాస్త అల్లం, సాయంత్రానికి చెక్క వాసన. వాడేది ఆఫీసుకి, ఎప్పుడైనా పెళ్లిళ్లకి, అంతే. నిజంగా అంత తీసిపారేయాల్సిన సరుకా, లేక దాన్ని తిట్టడం ఒక ఫ్యాషనా? పైగా గాఢతని బట్టి ఈడీటీ, ఈడీపీ, పర్ఫమ్ అని రకాలున్నాయి, ఏది తెమ్మనాలో కూడా చెప్పండి.

పాతబస్తీ ముక్కు

తిట్టేవాళ్లలో నేనూ ఒకణ్ణి కాబట్టి చెప్తా తమ్ముడూ. వాసన చెడ్డదని ఎవరూ అనరు. కోపం అంతా ఆ సీసా మీదున్న పేరు వల్ల. 1981లో ఆంటేయస్ అనే సెంటు చేసింది ఈ షనెల్ కంపెనీయే, జంతువుల వాసన, తోలు, మూలికలు, గదిలోకి నువ్వు రాకముందే అది వస్తుంది. 1990లో ఎగోయిస్ట్, గంధం, దాల్చిన చెక్క, మగవాళ్ల సెంటు ఇంత తియ్యగా ఉండొచ్చా అనిపించేది. రెండూ చేసింది జాక్ పోల్జ్. 2010లో బ్లూ చేసిందీ ఆయనే! అదీ బాధ. చేతకానివాడు చేస్తే ఊరుకుంటాం, అన్నీ వచ్చిన మనిషి ఎవరికీ అభ్యంతరం లేని వాసన చేసిపెట్టాడు. దానికి యాడ్ మార్టిన్ స్కోర్సీజీ చేత తీయించారు, అందులో హీరో ఇకమీదట జనం కోరినట్టు ఉండనని లేచి వెళ్లిపోతాడు. సీసాలో ఉన్నదేమో జనం కోరినదే. నవ్వు రాదూ?

ఇక అది వాడేవాణ్ణి తక్కువగా చూడటం మాత్రం వేరే సంగతి, ఆ పని నేను చేయను. కానీ చార్మినార్ చుట్టుపక్కల అత్తరు కొట్లలో పెరిగిన ముక్కు నాది, అక్కడ ఖస్ (వట్టివేరు) అత్తరు ఒకటి, షమామా (మూలికలు, మసాలాల అత్తరు) ఒకటి చేతికి రాయించుకున్నాక ఈ బ్లూ పట్టుకుంటే నీళ్లలా ఉంటుంది. పైగా అంతా కెమికల్.

జీడిమెట్ల కెమిస్ట్

"అంతా కెమికల్" అన్న ముక్క దగ్గర ఆగాలి అన్నా. షనెల్‌కి ఆ పేరు తెచ్చిందే కెమికల్. 1921లో ఎర్నెస్ట్ బో చేసిన షనెల్ నంబర్ ఫైవ్ సెంటులో మల్లె, గులాబీ ఎంత ఉన్నా, జనం గుర్తుపెట్టుకున్నది ఆల్డిహైడ్లనే కెమికల్స్ మెరుపునే. దాన్ని క్లాసిక్ అంటూ బ్లూని సింథటిక్ అని తిట్టడం కుదరదు.

షవర్ జెల్ సంగతికొస్తే, అందులో కొంత నిజం ఉంది, కానీ కథ తలకిందులుగా చెప్తారు. డైహైడ్రోమిర్సినాల్ అని ఒక కెమికల్ ఉంది, నిమ్మ, లావెండర్ కలిసినట్టు చల్లగా, శుభ్రంగా ఉంటుంది, సబ్బులో వేసినా చెడదు, అందుకని ముందు దాన్ని డిటర్జెంట్లలో వాడారు. 1982లో డ్రాకార్ నుఆర్, 1988లో కూల్ వాటర్ అనే సెంట్లు దాన్ని ధారాళంగా వాడి మగవాళ్ల సెంటు అంటే ఇలా ఉండాలి అనిపించాయి. ఇంకోపక్క 1966లో ఫైజర్ మందుల కంపెనీ వాళ్లకి దొరికిన కలోన్ అనే పదార్థం సముద్రపు గాలిలా, పుచ్చకాయలా ఉంటుంది, దాన్ని 1996లో ఆక్వా ది జో అనే సెంటు ఊరూరా తిప్పింది. ఇవి అమ్ముడుపోయాక సబ్బులు, జెల్లులు, డియోలు చేసేవాళ్లు వీటినే కాపీ కొట్టారు, సెంటు కన్నా చవకగా దొరికే ప్రతి సీసాలోకీ ఆ వాసన దిగింది. ఇప్పుడు ఆ వంశంలో పుట్టిన బ్లూ వాసన చూసి "ఇది షవర్ జెల్" అంటున్నాం. మనం ముందు వాసన చూసింది జెల్లుని కాబట్టి అలా అనిపిస్తుంది, తప్పు లేదు, కానీ ఎవరు ఎవరిని కాపీ కొట్టారో మరిచిపోకూడదు.

ఇంకోటి. బ్లూలో ఐసో ఇ సూపర్ అనే కెమికల్ ఉంది, దేవదారు చెక్కని పలచగా, వెల్వెట్‌లా చేసినట్టుంటుంది. 2006లో మాలిక్యూల్ 01 అని ఒక సెంటొచ్చింది, అందులో ఆ ఒక్క పదార్థమే, ఇంకేం లేదు. దాన్ని గొప్ప ప్రయోగం అని మెచ్చుకునేవాళ్లే బ్లూని సింథటిక్ అంటుంటే నాకు అర్థం కాదు. ఇలాంటి పెద్ద అణువులకి కొన్ని ముక్కులు తొందరగా అలవాటు పడిపోతాయి, కొందరికైతే సరిగా తెలియనే తెలియవు. "గంటలో ఎగిరిపోయింది" అని రివ్యూ రాసేవాడి పక్క సీట్లో ఉన్నవాడికి సాయంత్రం దాకా వాసన వస్తూనే ఉండొచ్చు. నీకు తెలియట్లేదని మళ్లీ మళ్లీ కొట్టుకోకు.

పాతబస్తీ ముక్కు

సరే, కెమికల్ మాట వెనక్కి తీసుకోను గానీ పక్కన పెడతా. ఈ మధ్య అత్తరుకి పేరుమోసిన కన్నౌజ్ ఊరి సరుకని అమ్మే అత్తరులో కూడా గంధం నూనె బదులు పారఫిన్ కలిపినవి బోలెడు దొరుకుతున్నాయి, ఆ సంగతి నాకూ తెలుసు. సాహసం లేదన్న నా మాట మాత్రం అలాగే ఉంది.

గోదారి గట్టు

సాహసం ఎవరి ముక్కు మీద అన్నా? నేను రోజూ షేర్ క్యాబ్‌లో గచ్చిబౌలి వెళ్తాను. మే నెలలో, అద్దాలు మూసిన కారులో, పక్కన ఒకాయన ఊద్ దట్టంగా పూసుకుని కూర్చుంటే ఆ సాహసం భరించేది ఆయన కాదు, మేము. నలుగురి మధ్య ఉండాల్సినవాడు ఎవరికీ ఇబ్బంది లేని వాసన ఎంచుకుంటే అది మర్యాద, దాన్ని తెలివితక్కువతనం కింద కట్టేయడం ఏమిటి? అందరికీ నచ్చేలా చేసి, చవకబారుగా అనిపించకుండా చూడటం కూడా పనితనమే. ఆ నిమ్మ వాసన పోయాక కింద ధూపం, చెక్క ఎంత నెమ్మదిగా వస్తాయో చూడండి, డియోలో అది దొరకదు. మా ఆయనది నేను కూడా వాడతాను, చీర మీద ఇంకా బాగుంటుంది (మరక పడుతుంది, పట్టు మీద కొట్టకండి).

నా ఫిర్యాదల్లా ధర గురించే. వంద మిల్లీ ఇక్కడ పది వేలు దాటుతుంది, అందులో పేరుకి, యాడ్‌కి ఎంత పోతుందో ఊహించుకోవచ్చు. పైగా క్లోన్ల (చవక నకళ్ల) పుణ్యమా అని లిఫ్టులో ముగ్గురు మగవాళ్లుంటే ఒకడి దగ్గర ఇలాంటి వాసనే వస్తుంది. ప్రత్యేకంగా ఉండాలని కొనేవాడికి ఇది పనికిరాదు, నిజం.

కూకట్‌పల్లి కుర్రాడు

ప్రత్యేకంగా ఉండాలని నాకేం లేదు అక్కా, మీటింగ్‌లో చెమట వాసన రాకుండా ఉంటే చాలు. మరి మూడింట్లో ఏది?

జీడిమెట్ల కెమిస్ట్

చెమటకి డియో వాడు బాబూ, అది సెంటు పని కాదు. ఇక ఈడీటీ అంటే 2010 నాటిది, పులుపు ఎక్కువ, మన ఎండకి హాయిగా ఉంటుంది కానీ ఆ పులుపు వేడికి త్వరగా ఎగిరిపోతుంది. 2014 ఈడీపీ కొంచెం గుండ్రంగా, తియ్యగా ఉంటుంది, పగలూ రాత్రీ నడుస్తుంది. 2018 పర్ఫమ్ జాక్ కొడుకు ఒలివియే పోల్జ్ చేసింది, న్యూ కాలెడోనియా అనే దీవి గంధం ముందుకొస్తుంది, దగ్గరికొస్తేనే తెలుస్తుంది. గంధం అనగానే మన శేషాచలం అనుకునేరు, అది ఎర్రచందనం, దానికి చెప్పుకోదగ్గ వాసనే ఉండదు.

పాతబస్తీ ముక్కు

పర్ఫమ్ తెమ్మను. మూడింట్లో నాకు కాస్త గౌరవం ఉన్నది దాని మీదే. రెండు స్ప్రేలు చాలు, మెడ దగ్గర ఒకటి, చొక్కా లోపల ఒకటి, అంతకు మించి కొడితే గోదారి అక్క నిన్ను కూడా క్యాబ్ నుంచి దింపేస్తుంది. వంద మిల్లీ వద్దు, యాభై చెప్పు. సీసా బాత్రూమ్‌లో పెట్టకు, బీరువాలో పెట్టు.

కూకట్‌పల్లి కుర్రాడు

బాబాయికి పర్ఫమ్, యాభై మిల్లీ అని మెసేజ్ పెట్టేశా. "దాని బదులు రెండు కిలోల ఖర్జూరం వస్తుంది కదరా" అని రిప్లై ఇచ్చాడు.