కూల్చిన ఇంటి నుగ్గుతో పోసిన ఇటుకలు పొడి రాలుతున్నాయి, కారణం ఉప్పా, మట్టా?

మాది సింగరాయకొండ మండలం, సముద్రానికి రెండు కిలోమీటర్ల దూరం. తుపానుకు సగం కూలిన పాత పెంకుటిల్లు దించేశాం. ఇరాక్‌లోని మోసుల్‌లో 2017లో యుద్ధం ముగిశాక శిథిలాలను క్రషర్లలో వేసి రోడ్ల కింద వాడారని చదివాను. మన ఇటుకలు మాత్రం ఎందుకు పారబొయ్యాలి అనిపించింది. (వాళ్లకు క్రషర్లు, నాకు సమ్మెట.)

సిమెంట్ 1, ఇసుక 3, జల్లించిన ఇటుక నుగ్గు 4 పాళ్లు. పోసిన మర్నాటి నుంచి 10 రోజులు గోనె పట్టాలు కప్పి రోజుకు మూడుసార్లు తడిపాను. 12వ రోజుకల్లా పైన తెల్లటి పొర. గోరుతో గీకితే అంచులు సున్నిపిండిలా రాలుతున్నాయి, నడుమ మాత్రం గట్టిగానే ఉంది. అదే అచ్చులో నుగ్గు లేకుండా ఉత్త ఇసుకతో పోసిన నాలుగు ఇటుకలు బాగున్నాయి. అంటే తేడా నుగ్గులోనే ఉంది.

బోరు నీళ్లు మానేసి ట్యాంకర్ మంచినీళ్లు వాడాను. సిమెంట్ ఒకటిన్నర పాళ్లకు పెంచాను, ఖర్చు తప్ప ఫలితం లేదు. నుగ్గును గాజు సీసాలో నీళ్లతో కలిపి రాత్రంతా ఉంచితే పైన రెండు వేళ్ల మందాన ఒండ్రు పేరింది. పాత గోడలు బంకమట్టితో పేర్చినవి మరి. రెండుసార్లు కడిగి పోస్తే రాలడం కొంచెం తగ్గింది, తెలుపు మాత్రం పోలేదు. ఇంకా రెండు ట్రాక్టర్ల నుగ్గు ఉంది.

రాలడానికి కారణం నుగ్గులోని ఉప్పా, మట్టా అన్నది ల్యాబ్‌కు పోకుండా ఇంటి దగ్గరే తేల్చుకునే పద్ధతి ఏమిటి?