ఆర్వీ పార్కులో మధ్యాహ్నం వోల్టేజీ పడిపోయి ఏసీ ఆగిపోతోంది: సాఫ్ట్ స్టార్టర్ చాలుతుందా?

నార్త్ కరొలైనా నుంచి కాలిఫోర్నియాకు ఐ-40 హైవే మీదుగా 30 యాంపుల ట్రావెల్ ట్రెయిలర్‌తో (వాహనం వెనక లాక్కెళ్లే ఇల్లులాంటి బండి) వెళ్తూ, ప్రస్తుతం టెక్సస్‌లోని అమరిల్లో నగరం దాటి న్యూమెక్సికోలోని ఒక ఆర్వీ పార్కులో (ఇలాంటి బండ్లు ఆపుకొని కరెంటు కలుపుకునే చోటు) ఆగి ఉన్నాము. పొద్దున 118 వోల్టులు ఉండే సరఫరా, మధ్యాహ్నం మూడు దాటి చుట్టుపక్కల ఏసీలన్నీ నడిచే వేళకు 107కు దిగుతోంది. మా 13,500 బీటీయూ ఏసీలో కంప్రెసర్ అందుకోగానే అది 104 కంటే కిందికి పోవడంతో, వోల్టేజీ రక్షణ పరికరం కరెంటు ఆపేసి, రెండు నిమిషాల పైచిలుకు ఆగి తిరిగి ఇస్తోంది. మళ్లీ అదే తంతు.

ఫ్రిజ్‌నూ వాటర్ హీటర్‌నూ గ్యాస్ మీదికి మార్చాను. ప్లగ్గు పిన్నులు నల్లబడలేదు, కేబుల్ వేడెక్కడం లేదు. అదే పెడస్టల్‌లోని (సైటు దగ్గర కరెంటు ఇచ్చే స్తంభం) 50 యాంపుల సాకెట్‌కు అడాప్టరుతో కలిపినా రెండు మూడు వోల్టులకు మించి తేడా రాలేదు, పక్క సైటుకు మారినా అంతే. రక్షణ పరికరాన్ని తప్పించి నేరుగా కలపమని పక్కవారు సలహా ఇచ్చారు గాని, తక్కువ వోల్టేజీలో కంప్రెసర్ ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది కనుక ఆ పని చేయదలచుకోలేదు.

సాఫ్ట్ స్టార్టర్ బిగిస్తే ఏసీ అందుకునే క్షణంలో లాగే కరెంటు తగ్గుతుందని తెలుసు. అయితే సాయంత్రం దాకా వోల్టేజీ ఇలా 107 దగ్గరే ఉండే పార్కుల్లో అది ఒక్కటీ సరిపోతుందా, లేక వోల్టేజీని పెంచి ఇచ్చే ఆటోఫార్మరే కొనవలసి ఉంటుందా?