టెక్సాస్‌లో తమ్ముడికి తూటాలు నింపే ప్రెస్సు: పోత ఇనుమా, అల్యూమినియమా?

పాలకొల్లు లేత్
అందరికీ నమస్కారం. మా తమ్ముడు పదకొండేళ్లుగా టెక్సాస్‌లో ఉంటున్నాడు. అక్కడ ఒక రైఫిల్ క్లబ్బులో సభ్యుడు. .308 విన్‌చెస్టర్ రైఫిల్‌తో గురి పోటీలకు వెళ్తాడు. నెలకు వందా నూట యాభై తూటాలు అయిపోతాయట. కాల్చాక మిగిలిన ఇత్తడి షెల్లును పారేయకుండా కొత్త ప్రైమర్ (దెబ్బకు పేలి మందును అంటించే చిన్న బిళ్ల), మందు, బుల్లెట్ పెట్టి మళ్లీ వాడుకోవడం అక్కడ మామూలు సంగతి. సొంత వాడకానికైతే అమెరికా కేంద్ర చట్టం లైసెన్సు అడగదు, అమ్మకానికి చేస్తేనే కావాలి. ఆ పనికి చేత్తో నొక్కే ప్రెస్సు కొనాలని, "ఇనుము సంగతి నీకు తెలుసు కదా అన్నయ్యా, నువ్వే చెప్పు" అని ఫోను చేశాడు.

తుపాకుల గురించి నాకు తెలియదు. ముప్పై ఏళ్లుగా లేత్ మీద రైస్ మిల్లు షాఫ్టులు, పడవ ఇంజిన్ల బుష్‌లు చేస్తున్నాను. వాడు పంపిన ఫొటోలు, కొలతలు చూశాక నాకు అనిపించింది ఇది: ఒకసారికి ఒకే డై (షెల్లును నొక్కి కొలతకు తెచ్చే అచ్చు) పట్టే సింగిల్ స్టేజ్ ప్రెస్సు కొనాలి. ఫ్రేము పోత ఇనుముదై ఉండాలి. ఆకారం సున్నాలా మూసి ఉండాలి, ముందువైపు తెరిచి ఉండే సి ఆకారం వద్దు. వాడు ఎంచిన వాటిలో ఆర్‌సీబీఎస్ రాక్ చకర్, లీ క్లాసిక్ కాస్ట్, రెడింగ్ బిగ్ బాస్ ఈ లెక్కకు సరిపోతాయి. వాడినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

రాజోలు నుంచి డాలస్
నమస్కారం అన్నయ్య గారూ. తొమ్మిదేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. మీరు ఇనుము దగ్గర ఆగిపోయారు. ముందు తేల్చుకోవలసింది సింగిల్ స్టేజా, ప్రోగ్రెసివా అన్నది. సింగిల్ స్టేజ్‌లో ఒక్కో షెల్లును నాలుగైదుసార్లు చేత్తో తీసి పెట్టాలి. పాత ప్రైమర్ తీసి సైజు చేయడానికి ఒకసారి, కొత్త ప్రైమర్‌కు ఒకసారి, మందుకు ఒకసారి, బుల్లెట్‌కు ఒకసారి. గంటకు యాభై, మహా అయితే వంద అవుతాయి. అన్ని డైలూ ఒకేసారి పనిచేసే ప్రోగ్రెసివ్‌లో హ్యాండిల్ లాగిన ప్రతిసారీ ఒక తూటా బయటికి వస్తుంది. ఉద్యోగం చేసుకునేవాడికి రాత్రి రెండు గంటలు దొరకడమే గగనం.

పైగా నేను మొదలుపెట్టింది లీ కంపెనీ చవక రకం అల్యూమినియం సి ఫ్రేముతోనే. నాలుగేళ్లు వాడాను. ఎక్కడా విరగలేదు, వంగలేదు.

తణుకు కుర్రాడు
ఫొటో పెడితే బాగుంటుంది.

భీమవరం వకీలు
ఇక్కడ చదివేవారికి ఒక మాట. ఈ చర్చ అమెరికాకు మాత్రమే చెందుతుంది. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడాన్ని 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ నిషేధిస్తుంది. 2019 సవరణ తర్వాత 25వ సెక్షన్ కింద దానికి శిక్ష కనీసం ఏడేళ్లు, యావజ్జీవం దాకా వెళ్లవచ్చు. తమ్ముడు పంపాడనో, పార్సిల్‌లో వచ్చిందనో ఎవరూ సరదాకు కూడా ప్రయత్నించవద్దు.

పాలకొల్లు లేత్
వకీలు గారూ, ధన్యవాదాలు. నేనూ ఆ మాట ముందే రాయాల్సింది.

డాలస్ తమ్ముడూ, విరగలేదన్నావు. విరగడం గురించి నేను అడగలేదు. హ్యాండిల్ పూర్తిగా కిందికి నొక్కినప్పుడు ర్యామ్, అంటే షెల్లును నెట్టే కడ్డీ, పైకి వచ్చి, షెల్ హోల్డర్ వెళ్లి డై అడుగున తగులుతుంది. ఆ క్షణంలో ఫ్రేము ఎంత విచ్చుకుంటుంది? సి ఫ్రేముకు ముందువైపు ఆధారం లేదు, నోరు తెరుచుకుంటుంది. సున్నా ఫ్రేములో బలం రెండు స్తంభాల్లోనూ సమానంగా దిగుతుంది. షెల్లు భుజాన్ని, అంటే మెడ కింద వాలుగా ఉండే భాగాన్ని, రెండు థౌలు వెనక్కి నెట్టాలని మా తమ్ముడు చెప్పాడు. రెండు థౌలంటే అంగుళంలో వెయ్యో వంతులు రెండు. ఫ్రేమే రెండు థౌలు కదిలితే ఇక మిగిలేది ఏమిటి? ఒక షెల్లుకు నూనె ఎక్కువ పూసి, ఇంకోదానికి తక్కువ పూస్తే బలం మారుతుంది, దానితో విచ్చుకోవడమూ మారుతుంది. యాభై షెల్లుల్లో యాభై కొలతలు వస్తాయి. నువ్వు నాలుగేళ్లు వాడావు సరే, సైజు చేశాక ఒక్కసారైనా మైక్రోమీటర్ పెట్టి చూశావా?

ఆ ప్రెస్సుల్లో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. డై మర అందరిదీ ఒకటే: ముప్పాతిక మీద అరపావు, అంటే 7/8 అంగుళం వ్యాసం, అంగుళానికి 14 మరలు. ఒక కంపెనీ డై మరో కంపెనీ ప్రెస్సులో బిగుస్తుంది. మన దగ్గర రెండు కంపెనీల పంపుసెట్టు నట్లు కూడా కలవవు.

కొల్లేటి గట్టు
మా నాన్నగారికి పన్నెండు బోరు జంట గొట్టాల తుపాకి ఉండేది. 1972లో వన్యప్రాణి చట్టం రాకముందు కొల్లేట్లో బాతుల వేటకు వెళ్లేవారు. ఇత్తడి షెల్లులు అరుగు మీద వరుసగా నిలబెట్టి, చిన్న కొమ్ము గిన్నెతో మందు కొలిచి, అట్టబిళ్ల పెట్టి కర్రతో నొక్కేవారు. ప్రెస్సూ లేదు, డైలూ లేవు. ఆయన గురి తప్పడం నేను చూడలేదు.

ఆ తుపాకి ఇప్పుడు నా లైసెన్సు మీద ఉంది. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ స్టేషన్‌లో అప్పగించాలి. ఒకసారి ఆషాఢంలో ఇచ్చిన తుపాకి దసరాకు తిరిగి వచ్చింది. గొట్టాల్లో వేలు పెడితే ఎర్రగా అంటుకుంది. ఎన్నిసార్లు నూనె గుడ్డ లాగినా కుడి గొట్టంలో ఆ గుంటలు పోలేదు. ఇనుము గురించి మాట్లాడేవాళ్లు ముందు తుప్పు గురించి మాట్లాడాలి.

పాలకొల్లు లేత్
బాబాయి గారూ, మీ బాధ అర్థమైంది. కానీ పన్నెండు బోరును .308తో పోల్చకూడదు. తమ్ముడు పంపిన పట్టికలో పన్నెండు బోరు మామూలు తూటాకు గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 11,500 పౌండ్లు, .308కు 62,000. అయిదు రెట్లకు పైగా. కర్రతో నొక్కి కొమ్ముతో కొలిచే పని కాదు ఇది. తుప్పు మాట నిజమే. ర్యామ్ మీద పల్చగా నూనె రాసి గుడ్డ కప్పమని చెబుతాను.

రాజోలు నుంచి డాలస్
మైక్రోమీటర్ పెట్టాను అన్నయ్య గారూ. ఒకటిన్నర థౌ తేడా వచ్చేది. తర్వాత ఫోర్స్టర్ కో ఆక్స్ కొన్నాను. అందులో డైని మరతో బిగించనక్కర్లేదు, ముందునుంచి గాడిలోకి తోస్తే చాలు. కాస్త వదులుగా ఉండి, షెల్లుతో పాటు తనంతట తానే మధ్యకు సర్దుకుంటుంది. మీరు చెప్పే గట్టితనం సిద్ధాంతానికి అది పూర్తి విరుద్ధం, అయినా తూటాలు తిన్నగా వస్తాయి. అంటే గట్టితనమే అన్నీ కాదు.

సరే, అసలు సంగతి రాస్తాను. మూడేళ్ల కిందట ఒక రాత్రి అదే సింగిల్ స్టేజ్ మీద పిస్టల్ తూటాలు నింపుతున్నాను. రాజోలు నుంచి ఫోను వచ్చింది, అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్తున్నారని. మాట్లాడి వచ్చి మిగిలినవి పూర్తి చేశాను. వారం తర్వాత క్లబ్బులో ఒక తూటా 'టప్' మని చిన్నగా మోగింది. ఆగి విప్పి చూస్తే బుల్లెట్ గొట్టం మధ్యలో ఇరుక్కుని ఉంది. ఆ షెల్లులో మందు పడలేదు, ప్రైమర్ బలానికే అంత దూరం వెళ్లింది. ఇంకొకటి కాల్చి ఉంటే గొట్టం చీలేది. సింగిల్ స్టేజ్ నెమ్మది కాబట్టి భద్రం అంటారు కదా, నా ప్రమాదం ఆ నెమ్మదిలోనే జరిగింది. పని ఎంత సాగితే మధ్యలో అంతగా ఆటంకాలు వస్తాయి. ప్రోగ్రెసివ్‌లో మందు మట్టం చూసి ఆపే పరికరం పెట్టుకోవచ్చు.

పాలకొల్లు లేత్
అది ప్రెస్సు తప్పు కాదు తమ్ముడూ. యాభై రంధ్రాల చెక్కలో షెల్లులు నిలబెట్టి, మందు పోశాక టార్చి వేసి ఒక్కొక్కదానిలోకి చూడాలని మా తమ్ముడు చదివిన పుస్తకంలోనే ఉంది. ఖాళీది వెంటనే కనిపిస్తుంది. రెండుసార్లు పడినదీ కనిపిస్తుంది. నువ్వు టార్చి వేయలేదు. ఫోను వస్తే పని ఆపాలి, లేదా ఫోను పక్క గదిలో పెట్టాలి.

రాజోలు నుంచి డాలస్
అమ్మ ఆసుపత్రికి వెళ్తుంటే ఫోను పక్క గదిలో పెట్టాలా? ఇంత మాట ఎలా రాశారు? మీరు అక్కడ కూర్చుని, ఇక్కడి మా గ్యారేజీలో ఏ ఇనుము ఉండాలో, ఏ గదిలో ఫోను ఉండాలో నిర్ణయిస్తారు. ఇల్లు కొన్నా అంతే, కారు కొన్నా అంతే. వదిలి వచ్చినవాళ్లకు బుద్ధి లేదని మీ అందరి ఉద్దేశం. మీ తమ్ముడు అడిగింది ప్రెస్సు గురించి. ఆయన ఎలా బతకాలో అడగలేదు.

నరసాపురం లేసు
కొంచెం శాంతించండి ఇద్దరూ.

పాలకొల్లు లేత్
ఫోను మాట తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను. అమ్మగారు ఇప్పుడు బాగున్నారని ఆశిస్తాను.

కానీ నువ్వు అన్నావు కాబట్టి నేనూ చెబుతాను. మా నాన్న షెడ్డులో రెండు లేత్‌లు పెట్టింది ఇద్దరు కొడుకుల కోసం. రెండోది పదకొండేళ్లుగా గోనె కప్పి ఉంది. ఇన్నేళ్లలో వాడు నన్ను ఒక యంత్రం గురించి అడగడం ఇదే మొదటిసారి. అందుకే నాలుగు రాత్రులు కూర్చుని ఆ బొమ్మలు చూశాను.

అంబాజీపేట ఆడపడుచు
మొదటి నుంచీ చదువుతున్నాను. ఇనుము, అల్యూమినియం, థౌలు, మరలు అన్నీ రాశారు. ఒక్కరైనా ఆ ఇంట్లో ఇంకా ఎవరు ఉంటారని అడగలేదు.

మా నాన్న దీపావళికి చిచ్చుబుడ్లు కూరేవారు. పని తెలియనివారు కాదు, చిన్నప్పటి నుంచీ అదే పని. వంటింటి వెనక చిన్న గదిలో కూర్చుని, మట్టి బుడ్డిని మోకాళ్ల మధ్య పెట్టుకుని, కర్రతో మెల్లగా దట్టించేవారు. ఆ రోజూ మెల్లగానే దట్టించారు. మంట ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. కుడిచేతి మూడు వేళ్లు అతుక్కుపోయాయి. నాన్న తర్వాత ఎడమ చేత్తో అన్నం తినడం నేర్చుకున్నారు. గడప దగ్గర ఆడుకుంటున్న మా చెల్లికి అప్పుడు నాలుగేళ్లు, జుట్టు కాలింది. ఈ చర్చలో నాకు పట్టిన విషయం అదొక్కటే.

రాజోలు నుంచి డాలస్
అక్కా, చదివి చాలా బాధ కలిగింది. అయితే చిచ్చుబుడ్డి మందూ, రైఫిల్ తూటాల్లో వాడే పొగలేని మందూ ఒకటి కాదు. ఇది బహిరంగంగా అంటుకుంటే భగ్గున కాలుతుంది కానీ నల్ల తుపాకిమందులా చిన్న నిప్పురవ్వకే ఎగిరిపోదు. ఎక్కువ భయపడాల్సింది ప్రైమర్ల గురించే, అవి దెబ్బకు పేలతాయి. అందుకే అసలు పెట్టెల్లోనే ఉంచాలి. ఇక్కడి అగ్నిమాపక ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 495 ప్రకారం ఇంట్లో మందు 20 పౌండ్ల వరకు దాని డబ్బాల్లోనే ఉంచుకోవచ్చు, అది దాటితే అంగుళం మందం చెక్క పెట్టె కావాలి. ప్రైమర్లు పదివేలు మించకూడదు.

అంబాజీపేట ఆడపడుచు
లెక్కలు బాగున్నాయి బాబూ. నేను అడిగింది ఎంత పెట్టుకోవచ్చని కాదు. లేత్ గారూ, మీ మరదలిని ఎవరైనా అడిగారా?

పాలకొల్లు లేత్
అడగలేదు.

తణుకు కుర్రాడు
అల్యూమినియం సంగతి తేలలేదు కదా?

పాలకొల్లు లేత్
నిన్న రాత్రి మరదలితో మాట్లాడాను. నలభై నిమిషాలు. మా పెళ్లిళ్లకూ పేరంటాలకూ తప్ప ఆ అమ్మాయితో నేను అంతసేపు మాట్లాడింది లేదు. పాపకు ఆరేళ్లు. ఆ అమ్మాయి భయం పేలుడు కాదు, సీసం. ప్రైమర్ మసిలో సీసం ఉంటుందని, కాల్చిన షెల్లులు శుభ్రం చేసేటప్పుడు ఆ దుమ్ము లేస్తుందని ఎక్కడో చదివిందట. వాడు గ్యారేజీలోనే కాఫీ తాగుతాడు, అవే చేతులతో వచ్చి పాపను ఎత్తుకుంటాడు. చెబితే "అన్నయ్య చూసుకుంటున్నాడు" అంటాడట. నేను చూస్తున్నది ఫ్రేము మందం.

డాలస్ తమ్ముడూ, సీసం మాట నిజమేనా?

రాజోలు నుంచి డాలస్
నిజమే అన్నయ్య గారూ. నేనే ముందు రాయాల్సింది. షెల్లులను పొడిగా కాకుండా నీళ్లలో వేసి కడిగితే దుమ్ము లేవదు. బల్ల మీద తినడం, తాగడం ఉండకూడదు. చేతులు సబ్బుతో కడిగి, చొక్కా మార్చుకుని ఇంట్లోకి రావాలి. ఒక్క ప్రెస్సు విషయంలో మీ మాటకే మొగ్గుతాను. లీ క్లాసిక్ కాస్ట్‌లో ర్యామ్ మధ్య బోలుగా ఉంటుంది. తీసిన పాత ప్రైమర్ అందులోంచి గొట్టం గుండా కిందికి జారిపోతుంది. ఆ గొట్టం చివర సీసా కడితే మసి బల్ల మీద పడదు. మా ఇంట్లో ఇద్దరు పిల్లలు. మూడేళ్ల కిందట ఆ రాత్రి తర్వాత నేను ఫోను పక్కనే పెట్టుకుంటాను, మోగితే మాత్రం ఆ చెక్కలో ఉన్న షెల్లులన్నీ ఖాళీ చేసి మళ్లీ మొదటి నుంచి పోస్తాను.

పాలకొల్లు లేత్
అది నా మాట కంటే మంచి మాట. వాడికి అదే చెబుతాను.

క్లాసిక్ కాస్టే కొనమన్నాను, గొట్టం వల్ల. మరదలు రెండు షరతులు పెట్టింది: మందూ ప్రైమర్లూ వేర్వేరుగా తాళంలో ఉండాలి, తాళంచెవి తన దగ్గర ఉండాలి. వాడు ఒప్పుకున్నాడు. ప్రోగ్రెసివ్ సంగతి ఏడాది తర్వాత చూసుకుంటాడట.

కొల్లేటి గట్టు
బల్లకు బోల్టులు మందంగా వేయించు నాయనా.

పాలకొల్లు లేత్
అలాగే బాబాయి గారూ. .308 షెల్లు అడుగు వ్యాసం పన్నెండు మిల్లీమీటర్లు. పన్నెండున్నర డ్రిల్లుతో టేకు చెక్కలో షెల్లులు నిలబెట్టే రంధ్రాలు వరుసకు పది చొప్పున అయిదు వరుసలు వేశాను. గోనె తీసి రెండో లేత్ పక్కనే పెట్టుకుని చేశాను. సంక్రాంతికి వచ్చి డాలస్ తిరిగి వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. బరువు అరకిలో దాటదు, పాలకొల్లు స్టేషన్‌కు తెచ్చి ఇస్తాను.

రాజోలు నుంచి డాలస్
పన్నెండున ఇంటికి వస్తున్నాను అన్నయ్య గారూ. అమ్మను చూసి, మీ షెడ్డుకు వస్తాను.