క్రీడలు, మీడియా రంగాల్లో పోటీ చట్టం: యువ న్యాయవాదికి ఈ దారి కూడు పెడుతుందా?

విశాఖ లా విద్యార్థిని:
ఎల్‌ఎల్‌బీ చివరి ఏడాదిలో ఉన్నాను. మార్కెట్‌లో వ్యాపార పోటీని కాపాడే పోటీ చట్టంలో, ముఖ్యంగా క్రీడల ప్రసార హక్కుల వ్యవహారాల్లో పనిచేయాలని కోరిక. మా మామయ్య మాత్రం "క్రికెట్ బోర్డు మీద కేసులు ఏడాదికి ఎన్ని వస్తాయమ్మా? సివిల్ ప్రాక్టీసు పట్టుకో" అంటున్నారు. ఆయన చాలా ఏళ్లుగా కోర్టుల్లో ఉన్నవారు, ఆ మాటను కొట్టిపారేయలేకపోతున్నాను.

గుంటూరు వకీలు:
మీ మామయ్య చెప్పిందే నిజం. బీసీసీఐ కేసునే చూడండి. 2010లో ఫిర్యాదు. 2013లో ఆ చట్టాన్ని అమలు చేసే కాంపిటీషన్ కమిషన్ బోర్డుకు 52.24 కోట్ల రూపాయల జరిమానా వేసింది. బోర్డు వాదన సరిగా వినలేదంటూ 2015లో అప్పిలేట్ ట్రిబ్యునల్ ఆ ఉత్తర్వును పక్కన పెట్టింది. 2017లో కమిషన్ మళ్లీ అదే మొత్తం విధించింది. ఏడేళ్లు తిరిగి బయలుదేరిన చోటికే! అన్నాళ్లూ ఒక జూనియర్ ఏం తిని బతకాలి?

ఢిల్లీలో పోటీ చట్టం న్యాయవాది:
వకీలు గారూ, ఏడేళ్లన్నది నిజమే. కానీ ఆ కేసు ఉన్నది జరిమానాలో కాదు, ఒక షరతులో. ఐపీఎల్‌కు పోటీగా మరో దేశవాళీ టీ20 లీగ్‌ను నిర్వహించబోమని, గుర్తించబోమని, హక్కుల గడువు పదేళ్లూ మద్దతివ్వబోమని ప్రసార హక్కుల ఒప్పందంలో బోర్డు రాసిచ్చింది. ఒక్క వాక్యంతో ఆటగాళ్లకు రెండో గుమ్మం మూసుకుపోయింది.

గుర్తింపు లేకపోతే ఏమవుతుందో అంతకుముందే మన హైదరాబాద్‌లో చూశాం. 2004 అండర్-19 ప్రపంచకప్‌లో భారత జట్టుకు సారథ్యం వహించిన అంబటి రాయుడు 2007లో ఇండియన్ క్రికెట్ లీగ్‌లో చేరాడు. ఆ లీగ్‌కు బోర్డు గుర్తింపు లేదు. 2009లో బోర్డు క్షమాభిక్ష ప్రకటించేదాకా దేశవాళీ క్రికెట్ అతనికి దూరమైంది. ఇరవై రెండేళ్ల బ్యాటర్‌కు రెండేళ్లంటే ఎంతో ఆలోచించండి.

ఇక పని సంగతి. అమ్మాయీ, ఇందులో మైదానం కనిపించదు. "సంబంధిత మార్కెట్" ఏది అన్న ఒక్క ప్రశ్న మీద నెలలు గడిచిపోతాయి. క్రికెట్ ఒక మార్కెట్టా, టీవీ వినోదమంతా ఒకటా? గీత ఎక్కడ గీస్తామో దాన్నిబట్టే ఆ మార్కెట్ మీద బోర్డుకు ఆధిపత్యం ఉందో లేదో తేలుతుంది. అవతలి పక్షం పత్రాల్లో ధరలు, గడువులు గోప్యత పేరుతో నల్లగా పూసి వస్తాయి. ఆ నలుపు పక్కన మిగిలిన రెండు మూడు మాటలను బట్టి వాదన కట్టుకోవాలి. నాకు అదే ఇష్టం.

గుంటూరు వకీలు:
షరతు గురించి ఒప్పుకుంటాను. కానీ హాకీ మాటేమిటి? గుర్తింపు లేని టోర్నీల్లో ఆడకూడదన్న హాకీ ఇండియా ఆంక్ష మీద ధన్‌రాజ్ పిళ్లై తదితరులు వెళితే, 2013లోనే అదే కమిషన్ తప్పేమీ కనిపించలేదంది. పైగా ఆటగాడు మీకు ఫీజు ఇవ్వలేడు, బోర్డులు, చానళ్లే ఇవ్వగలవు. చివరికి గుత్తాధిపత్యానికి కాపలా కాయడమే కదా!

ఢిల్లీలో పోటీ చట్టం న్యాయవాది:
హాకీ ఉత్తర్వు నాకూ మింగుడుపడదు. ఫీజుల విషయంలో మాత్రం మీ మాట సగమే ఒప్పుకుంటాను. జూనియర్లకు తిండి పెట్టేది కంపెనీల విలీనాలకు కమిషన్ అనుమతి తెచ్చే పని. 2022లో ఐదేళ్ల ఐపీఎల్ హక్కులు 48,390 కోట్లు పలికాయి. టీవీ హక్కులు డిస్నీ స్టార్‌కు, డిజిటల్ వయాకామ్18కు. 2024 ఆగస్టులో ఆ రెండు వ్యాపారాలూ ఒకటి కావడానికి కమిషన్ షరతులతో అనుమతించింది. మరి వచ్చే వేలంలో ఎవరి మీద ఎవరు పాడతారు? ఆ ప్రశ్న కమిషన్ ముందు గట్టిగా అడగడానికి ప్రత్యర్థి చానళ్లకు, ప్రకటనదారులకు కూడా న్యాయవాది కావాలి. కంపెనీ తరఫున నిలబడినా, ఇలాంటి షరతు నిలవదని సంతకానికి ముందే చెప్పి తీసేయించగలిగితే అది ఆటగాడికి చేసిన మేలే. నేను అలా తీసేయించిన రోజులున్నాయి.

విశాఖ లా విద్యార్థిని:
మేడమ్, బీసీసీఐ, హాకీ ఉత్తర్వులు రెండూ ప్రింటు తీసుకున్నాను. మామయ్యను కూడా పక్కన కూర్చోబెట్టి ఆదివారం చదువుతాం. ఒకే రకం ఆంక్షకు రెండు జవాబులు ఎందుకు వచ్చాయో అర్థం కాకపోతే మళ్లీ అడుగుతాను.