ఫ్లాష్ లేకుండా అక్వేరియం క్లోజప్: సరిపోతుందా, సర్దుకుపోవడమా?

నాచుతొట్టి
రెండడుగుల మంచినీటి ట్యాంకు, అందులో చెర్రీ రొయ్యలు, నియాన్ టెట్రా చేపలు. 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ (సెన్సర్ వెడల్పు 36 మి.మీ.) కెమెరా, 100 మి.మీ. మాక్రో లెన్స్. ఫ్లాష్ వేస్తే చేపల కళ్ళు పోతాయని కొందరంటారు, వెయ్యకపోతే ఫోటోలో గింజల్లాంటి చుక్కలు (నాయిస్) తప్ప ఏమీ మిగలదని ఇంకొందరు. ఎవరి మాట ఎందుకు నమ్మాలో కారణంతో చెప్పండి. "మాకు బాగానే వస్తోంది" అంటే కుదరదు.

గల్లీ గప్పీ
ఫ్లాష్ అక్కర్లేదు. గదిలో లైట్లు, టీవీ ఆపి, కర్టెన్లు వేసెయ్యండి. ట్యాంకు లైటు ఒక్కటే వెలగాలి. మెత్తటి రబ్బరు హుడ్ తొడిగి లెన్స్‌ను అద్దానికి ఆనిస్తే ప్రతిబింబాలు ఉండవు. లెన్స్ అద్దానికి సరిగ్గా ఎదురుగా ఉండాలి. పక్కనుంచి ఏటవాలుగా తీస్తే అద్దం, నీళ్ళు కలిసి కాంతిని వంచేస్తాయి, అంచుల్లో రంగు చారలు పడతాయి, ఎంత ఖరీదైన లెన్సైనా పదును పోతుంది.

మాన్యువల్ మోడ్‌లో షట్టర్ 1/200 సెకను, లెన్స్ కంత ఎఫ్/5.6 (అంకె పెరిగితే కంత చిన్నదవుతుంది), ఐఎస్‌ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందన; పెంచితే గింజలూ పెరుగుతాయి) 1600తో మొదలుపెట్టండి. టెట్రాలు ఊరికే ఉండవు కాబట్టి వాటికి 1/320, ఐఎస్‌ఓ 3200. రా ఫైల్‌లోనే (కెమెరా సర్దని ముడి ఫైలు) తియ్యండి, రంగు తర్వాత సరిచేసుకోవచ్చు.

ఎఫ్ ఎనిమిది
అన్నా, హుడ్ ఆనించే మాట 100 మి.మీ. లెన్స్‌కు కుదరదు. 1:1 దగ్గర, అంటే రొయ్య అసలు సైజులోనే సెన్సర్ మీద పడేటప్పుడు, ఆ లెన్స్ ముందు కొస నుంచి చేపకు 13–15 సెం.మీ. దూరం కావాలి. అద్దానికి ఆనిస్తే ముందువైపు ఉన్న రొయ్య ఫోకస్‌లోకే రాదు, వెనకాల ఉన్నదాన్ని అంత నీళ్ళలోంచి తియ్యాల్సి వస్తుంది. మసక అక్కడే మొదలు. లెన్స్ వెనక్కే ఉంచి, మధ్యలో కంత చేసిన నల్లగుడ్డ అడ్డం పెట్టి, కంతలోంచి తియ్యాలి.

ఇక లెక్క చూడండి. ఫుల్‌ఫ్రేమ్‌లో 1:1, ఎఫ్/8 దగ్గర ఫోకస్ లోతు (పదునుగా కనిపించే మందం) సుమారు 1 మి.మీ. రొయ్య కన్ను పదునుగా ఉంటే మీసం ఉండదు. పైగా 1:1 దగ్గర లెన్స్ రెండు స్టాపుల వెలుతురు, అంటే నాలుగింట మూడొంతులు, మింగేస్తుంది. లోతు కోసం కంత తగ్గించి ఎఫ్/16కు వెళ్ళాలంటే ఐఎస్‌ఓ ఎక్కడికి పోతుందో మీరే చెప్పండి. అదే ఒక ఫ్లాష్‌ను ట్యాంకు మూతమీద కిందికి తిప్పి, మధ్యలో తెల్ల అక్రిలిక్ షీట్ పెడితే అద్దంలో మెరుపు పడదు. తక్కువ పవర్‌లో ఫ్లాష్ వెలుగు సెకనులో కొన్ని వేలవ వంతే ఉంటుంది కనుక టెట్రా కదిలినా ఆగినట్టే పడుతుంది. ఫ్లాష్‌తో గొడవంతా కెమెరా నెత్తిన పెట్టి నేరుగా అద్దం మీదికి కొట్టేవాళ్ళది.

గల్లీ గప్పీ
హుడ్ సంగతి ఒప్పుకుంటున్నా, అది పొట్టి లెన్సులకూ ఫోన్లకూ పనికొచ్చేది. కానీ 1:1కి ఎందుకు పోవాలి? 1:2 (సగం సైజు) దగ్గర ఫ్రేమ్ వెడల్పు 72 మి.మీ., దానిమీద 6000 పిక్సెల్స్. 24 మి.మీ. రొయ్యకు 2000 పిక్సెల్స్ వస్తాయి, పోస్ట్ చెయ్యడానికి ధారాళం. అక్కడ ఎఫ్/8కి లోతు 3 మి.మీ. దాకా ఉంటుంది. క్రాప్ చేస్తే కొంత తగ్గుతుంది, అయినా 1:1 కన్నా మేలే.

కోఠి కెపాసిటర్
ఇద్దరూ షట్టర్ గురించే మాట్లాడుతున్నారు, లైటును మర్చిపోయారు. మన కరెంటు 50 హెర్ట్జ్. చవక ఎల్‌ఈడీ డ్రైవర్‌లో (లైటుకు కరెంటు సర్ది ఇచ్చే డబ్బా) కెపాసిటర్ సరిగ్గా లేకపోతే లైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. 1/200, 1/320లో తీస్తే ఒక ఫోటో వెలుగ్గా, ఒకటి చీకటిగా, లేదా అడ్డంగా చారలతో వస్తుంది. సైలెంట్ షట్టర్‌లో (చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్) ఇంకా ఘోరం. డిమ్మర్ ఉన్న లైట్లు చాలావరకు వెలుగు తగ్గించడానికి ఆర్పి వెలిగిస్తూ ఉంటాయి, కాబట్టి డిమ్మర్ 100 శాతంలో ఉంచండి.

పరీక్ష తేలికే. ఆ లైటు కింద తెల్ల కాగితం పెట్టి, ఎలక్ట్రానిక్ షట్టర్‌తో 1/1000లో తియ్యండి. చారలు కనిపిస్తే డ్రైవర్ మార్చాలి. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో కాన్‌స్టెంట్ కరెంట్ డ్రైవర్లు దొరుకుతాయి, లైటు మీద రాసిన మిల్లీయాంపులు చూసి కొనండి. డ్రైవర్ నీళ్ళమీద వేలాడకూడదు. వైరును సాకెట్‌కన్నా కిందికి ఒక వంపు తిప్పి పైకి తెస్తే జారిన చుక్క సాకెట్‌లోకి పోదు. మార్చడం కుదరకపోతే షట్టర్ 1/100 దగ్గర ఉంచి, రొయ్యలు, నత్తలు తీసుకోండి. టెట్రాల మీద ఆశ వదిలెయ్యాలి.

మీనాక్షి
కళ్ళు పోతాయన్న మాటకు ఆధారం లేదు. 2019లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో సముద్రగుర్రాల లాంటి చేపల మీద ఒక అధ్యయనం వచ్చింది. ఫ్లాష్ వల్ల కంటికి హాని కనిపించలేదు. మనిషి చేత్తో ముట్టి కదపడానికే అవి గట్టిగా స్పందించాయి. అలాగని అది ప్రతి చేపకూ వర్తిస్తుందని అనను.

అసలు ఇబ్బంది చీకట్లోంచి ఒక్కసారి వెలుగు రావడం. చేపలకు రెప్పలుండవు, మన కనుపాపలా చటుక్కున ముడుచుకునే ఏర్పాటూ చాలా చేపలకు లేదు. రెటీనాలో (కంటి వెనక పొర) కణాలు జరిగి సర్దుకోవాలి, దానికి నిమిషాలు పడుతుంది. కాబట్టి గది చీకటి చేసి, ఆరిన ట్యాంకు లైటు టక్కున వేసినా చేప బెదురుతుంది, మూత లేకపోతే ఎగురుతుంది కూడా. ముందు ట్యాంకు లైటు వేసి, అరగంట ఆగి, ఆ తర్వాత గది లైట్లు ఆపండి.

నాచుతొట్టి
మరి ఫోటోల కోసం చేపను పట్టి సన్నటి గాజు డబ్బాలో పెట్టడం?

మీనాక్షి
పైన చెప్పిన అధ్యయనాన్ని బట్టి చూస్తే ఫ్లాష్ కన్నా అదే ఎక్కువ హింస అనిపిస్తుంది. రొయ్యలనైతే పట్టనే అక్కర్లేదు. కీరా ముక్కను మరిగే నీళ్ళలో రెండు నిమిషాలుంచి చల్లార్చి, ముందు అద్దానికి 2 సెం.మీ. లోపల, స్టీలు ఫోర్కుకు గుచ్చి దించండి. అవే వస్తాయి. ఆ ముక్క అంచుమీద ముందే ఫోకస్ పెట్టి, ట్రైపాడ్ బిగించి కూర్చోండి.

ఎఫ్ ఎనిమిది
రొయ్యల వరకు ఫ్లాష్ లేకుండా సరే. టెట్రా రెక్క విప్పిన క్షణానికి మాత్రం నా ఓటు మూతమీది ఫ్లాష్‌కే.

ఇంకోటి, బయట అద్దం మీద బోరు నీళ్ళ తెల్లమరకలుంటే ఏ లైటూ ఆదుకోదు. వెనిగర్ తడిపిన గుడ్డతో తుడిచి, ఆర్‌ఓ నీళ్ళతో మళ్ళీ తుడవండి. వెనిగర్ ట్యాంకులో పడనివ్వకండి. నలకలు తేలుతుంటే పది నిమిషాల ముందు ఫిల్టర్ ఆపండి. మే నెలలో అయితే ఎక్కువసేపు ఆపొద్దు. 25 డిగ్రీల నీళ్ళలో లీటరుకు 8 మి.గ్రా. పైన పట్టే ఆక్సిజన్ 32 డిగ్రీలకు 7.3కు పడిపోతుంది. మళ్ళీ ఆన్ చెయ్యడం మర్చిపోకుండా లెన్స్ మూత ఫిల్టర్ స్విచ్ దగ్గరే పెట్టండి.